కదిమా సున్నాలు

"ఒక్క సిపాయే కదా అని తేలిగ్గా తీసిపారెయ్యకండి," అన్నాడు కదిమా, వేడి మికాటే బొండాని చాయ్‌లో ముంచుతూ. "వజ్రాల బజార్లో ఆ కొత్త యాభై లక్షల నోటు నా మొహాన పెట్టాడు. చెల్లదు పో అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిన్ను తన్నాడు," అంది కొట్టు నడిపే చియాలా, నూనెలో ఇంకో వాయ వేస్తూ. ఎంబుజీ-మాయి ఊరు ఊరంతా పాత నోట్లే చాలు, ఆ నోటు వద్దని మొండికేసి కూర్చుంది. రాజధానిలో అచ్చేసి సిపాయిల జీతాలకి పంచుతున్న ఆ కాగితం పుచ్చుకుంటే, సాయంత్రానికి గుప్పెడు పిండి కూడా రాదు.

"తన్నడమా! పదిమందిని తోడు తెచ్చుకున్నాడక్కా. మీరూ చెల్లరు పొండన్నాను. వందమంది వచ్చారు, వెనకాల ట్యాంకు! గొట్టంలో నోట్లు కుక్కి పేల్చారు, ఊరంతా నోట్ల వాన, ఒక్క మేక ముట్టుకుంటే ఒట్టు, మన మేకలకి పౌరుషం ఎక్కువ! చివరికి నోటు మీది ప్రెసిడెంటు పెద్దాయన బొమ్మే చిరుతపులి తోలు టోపీ తీసి, 'కదిమా, నువ్వైనా తీసుకో నాయనా' అని బతిమాలింది. ఛీ పో అన్నాను!"

సైకిళ్లు బాగుచేసే కంకు పడీపడీ నవ్వాడు. "మొన్న చెప్పినప్పుడు ఒకడు, నిన్న పదిమంది, ఇవాళ వంద. ఆ నోటుకీ నీ నోటికీ తేడా లేదురా, సున్నాలే తప్ప సరుకు లేదు."

కదిమా మొహం చిన్నబోయింది.

అప్పుడే తుపాకీ భుజాన వేసుకుని నిజం సిపాయి వచ్చాడు. నాలుగు మికాటేలు తిని, చాయ్ తాగి, అదే నోటు చాపాడు. "మిగతాది పాత నోట్లలో ఇయ్యి."

చియాలా చెయ్యి డబ్బుల డబ్బా మీదే ఆగిపోయింది. అందులో ఉన్నది రేపటి పిండి, నూనె. ఇస్తే రేపు పొయ్యి వెలగదు. ఇవ్వకపోతే ఈ పూటే కొట్టు ఉండదు. అందరూ కదిమా వైపు చూశారు. వాడు గ్లాసులోకి చూస్తున్నాడు. ఇప్పుడు నోరు పడిపోయిందేం, సచ్చినోడా, అనుకుంది చియాలా.

కదిమా లేచాడు. "సార్... ఇది... ఇక్కడ చెల్లదు సార్." గొంతు పిల్లికూతలా వచ్చింది.

సిపాయి భుజం మీది తుపాకీ దించాడు.

"చెల్లదు," అంటూ కంకు కూడా లేచాడు.

"చెల్లదు," అంది చియాలా, డబ్బా మూత బిగించి. బెంచీల మీద వాళ్లందరూ లేచి నిలబడ్డారు.

సిపాయి చాయ్ కుండని ఒక్క తన్ను తన్ని, నోటు జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

కదిమా కూలబడ్డాడు. చియాలా వాడి ముందు కొత్త వాయ పెట్టింది.

"రేపు చెప్పేటప్పుడు ఎంతమందంటావురా?" అన్నాడు కంకు.

"ఒక్కడే," అన్నాడు కదిమా, ఒక మికాటే అందుకుంటూ. "ఒక్కడే చాల్లే బాబూ!"