గొర్లోళ్ల కోడలి ఆకుకూర

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయిన రోజులు. కేసముద్రం దగ్గరి ఒక ఊళ్లో, ఏడు నెలల గర్భిణి వేలు చాచి కూర్చుంది. నర్సు నెత్తురు పరీక్ష చేస్తోంది.

"జర జల్ది చెప్పక్కా. నెత్తురు తక్కువుంటే వరంగల్ దవాఖానకు పోవాలంటివి. బస్సులేమో లేవాయె."

"ఆగు. రెండు నెలల కింద ఎనిమిదే ఉండె. మాంసం ఇంక నోటికి పోతలేదా?"

"వాసనకే కక్కుకుంటాన్న. 'గొర్లు కాసెటోళ్ల ఇంటికొచ్చి గొర్రె తీరుగ ఆకులు మేస్తాంది' అని మా అత్త ఒక్కటే తిట్లు."

"మేస్తే మేయనీ. ఏమేం తింటాన్నవ్?"

"మునగాకు పప్పుల నిమ్మకాయ పిండుకుంట. బొబ్బర్లు, పల్లిపట్టి. నువ్విచ్చిన ఐరన్ గోలీ రోజూ ఏసుకుంటాన్న."

"చాయతోనేనా? చాయ తాగితే గోలీ బలం ఒంటికి పట్టదని చెప్పిన గదనే."

"చాయ ఏడున్నదక్కా? పెట్టేది మా అత్తనే. సమ్మె షురువైనకాన్నుంచి ఆమె పొద్దుగాలనే దీక్ష టెంటుల కూసుంటాంది."

"అయితే సమ్మె నీకు గిట్ల పనికొచ్చింది. ఇగో చూడు, పదిన్నర!"

"నిజంగనా? వరంగల్ పోవుడు లేదా?"

"లేదు. గట్లనే తిను, గోలీలు ఆపకు. ఏడుస్తవేందే?"

"ఏం లేదక్కా, పానం తేలికైంది. మా అత్తకు నువ్వే చెప్పు, నేను చెప్తే నమ్మది."

"టెంటు కాడికి పోయి చెప్పాల్నా?"

"ఇయ్యాల టెంటుకు పోలే. నా ఎంబడే వచ్చి, గా అరుగు మీద కూసున్నది. ఒళ్లె మునగాకు పోసుకొని దూస్తాంది."