కుక్క ముట్టనే లేదంట

ఆ కుక్కను యాడ కట్టినాడన్నావు? మళ్లా చెప్పు తాయీ, నాకు ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆవుల కొట్టంలోనా? సత్రపట్టి రోడ్డులో కొత్తగా కట్టినాడే, ఆ కొట్టంలోనే? సరిపోయింది. ఆ కాఫీ అట్లా పెట్టు, తరువాత తాగుతాను. మీ అన్న అశ్విన్ రొంబ చదివినవాడు, ఆవు ఎంత మేసింది, ఎన్ని నీళ్లు తాగింది అని ఫోన్‌లోనే చూస్తాడంట, వాటికి ఫ్యాన్లు కూడా పెట్టినాడంట. ఎద సూది వేస్తే కడుపు నిలవడం లేదని నిన్ను అడిగినాడు. నువ్వు మాట్టు డాక్టరుకు, పశువుల డాక్టరుకు చదివేదానివి, భయపడిన ఆవు రక్తంలో ఏదో ఊరుతుంది, కార్టిసాల్ అంటివి గదా, అది ఊరతానే ఉంటే కడుపు నిలవదు, పాలు దిగవు అని వాడికి చెప్పినావు. మంచిది. వాడు తల ఆడించి, పోయి ఇంకొక ఫ్యాన్ కొని వచ్చినాడు. భయం యాడ నుంచి వస్తా ఉండాదో అది మాత్రం చూడలేదు. ఎట్లా చూస్తాడు, మన రాజపాళయం కుక్క గదా, తెల్లగా, ముక్కు గులాబీ రంగులో, వచ్చినవాళ్లంతా నిలబడి చూస్తారు. మీ తాత బుద్ధి అట్లే దిగింది వాడికి.

కోపం కాదు, నాకేం కోపం. సరి, కోపమే. మీ తాత విజయరాఘవ నాకు సొంత అన్నే, పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు, నేను అంటాను. నీకు మా అక్క గోమతి తెలియదు. ఎవురు చెప్పుంటారు ఈ ఇంట్లో? మీ అమ్మ మీరా కోడలుగా వచ్చేటప్పటికే అక్క లేదు. బావ చిన్న వయసులోనే పోయినాడు, అక్క మెట్టినింటి నుంచి ఒక పెయ్యదూడను పట్టుకొని ఇక్కడికి వచ్చింది. నగలా, నట్రా, ఏమీ లేదు, ఆ పెయ్య ఒక్కటే. దాన్ని సాకి ఆవును చేసింది. రాసాత్తి అని పేరు పెట్టింది. వీధిలో పాలు పోసేది, ఆ పాల మీద వచ్చిన దానితో బియ్యం కొని, వెనకాల వసారాలో, ఆ తాళ్వారంలో, తన పొయ్యి తాను పెట్టుకొని వండుకొనేది. అన్న అన్నం తినేది కాదు. అది పట్టలేదు మీ తాతకు. నా చెల్లెలు వేరు పొయ్యి పెడితే సావడిలో నా తల యాడ పెట్టుకొనేది అంటా తిరిగేవాడు. ఆ సావడిలో కూర్చొనేవాళ్లకు వేరే పని ఏముండాది, ఎవురి ఇంట్లో ఏ పొయ్యి మండుతా ఉండాదని చూసేదే పని.

ఆ రాసాత్తి ఉండాదే, అది పిరికి ఆవు. ఒక్కొక్క పశువుకు ఒక్కొక్క గుణం, నీ చదువులో కూడా అట్లే చెప్తారంటివి గదా. దాని ముందర గొడుగు విప్పితే ఎగిరిపడేది. కొత్త చీర గరగరమంటే పాలు ఎగబట్టేసేది. అక్క పోయి మెడ కింద గోకి, “ఏమ్మా రాసాత్తీ, సుమ్మా, ఊరికే నిలబడు తాయీ” అంటే అప్పుడు దిగేది పాలు, బకెట్టు నిండేటట్లు. ఒక ఈత ఈనింది కూడా, మంచి దూడ. ఆ దూడను ఎవురో కొట్టంలో నుంచి విప్పుకొని పోయినారు. అప్పుడు తెచ్చినాడు మీ తాత కుక్కను. దొర అని పేరు. తెచ్చి యాడ కట్టినాడు? ముందర వాకిట్లో కాదు, కొట్టంలో, రాసాత్తికి ఎదురు స్తంభానికి. కాపలా అంట. ఇంకెవుడు వస్తాడో చూస్తాను అంట.

కాపలా కాసింది, బాగా కాసింది. మిల్లు సంగు, అదే సైరన్, ఊదితే చాలు, దొర గొలుసు తెంపుకొనేటట్లు దూకి అరిచేది. రోజుకు ఎన్ని షిఫ్టులు, ఎన్ని సంగులు, నువ్వే చూసుకో. అరవనప్పుడు సుమ్మా కూర్చొని దాన్నే చూసేది, రెప్ప వేయకుండా. ఆవు పడుకొనేది కాదు. నెమరు వేసేది కాదు. చెవులు నిక్కబెట్టి ఆ స్తంభం దిక్కే చూస్తా నిలబడుండేది. పాలు తగ్గినాయి, పొదుగు వాచింది, కాలికి పుండు పడితే మానలేదు. ఎద సరిగ్గా చూపించదు, చూపించినా సూది నిలవదు. మాట్టు డాక్టరు వచ్చినాడు, వెంకటరామన్ అని, మంచి మనిషి. కొట్టంలో కొంచెం సేపు నిలబడినాడు, అంతే. “అమ్మా, ఆవులో తప్పు లేదు, సూదిలో తప్పు లేదు. ఇది భయంలోనే బతుకుతా ఉండాది. కుక్కను తీసేయండి” అన్నాడు. అక్క అన్న దగ్గరికి పోయి చెప్పింది, బతిమాలింది. మీ తాత ఊంజల్ మీద ఊగతా నవ్వినాడు. “నా దొర దాన్ని ముట్టిందా? ఒక్క గీత పడుండాదా? చూపించు” అన్నాడు. మూల ఇంటి వేదవల్లి ఎనుమును చూపించినాడు, దాని చుట్టూ వీధి కుక్కలన్నీ పడుకొంటాయి, అది ఏడాదికొక దూడ వేస్తా ఉండాది, నీ ఆవుకే పొగరు అన్నాడు. ఎనుము గుణం వేరు, రాసాత్తి గుణం వేరు అని ఆ మొద్దు బుర్రకు ఎవురు చెప్పేది? నేను చెప్పినాను. రఘురామా, నువ్వు నోరు మూసుకో అన్నాడు.

అక్క ఏం చేసిందో తెలుసా? చోళపురంలో వేంకటాద్రి నాయుడు అని ఉండేవాడు, అక్క ఆవుకు గడ్డి తెచ్చి వేసేవాడు. ఒక తెల్లవారుజామున ఆవును నడిపించుకొని పోయి ఆయన తోటలో కట్టి వచ్చింది. తానే దినమూ బస్సులో పోయి పాలు పిండి వచ్చేది. ఆ ఆవు అక్కడ పోయి పడుకొనిందంట తాయీ. కాళ్లు చాపి, కళ్లు మూసుకొని, నెమరు వేస్తా. అది చెప్పేటప్పుడు అక్క ముఖం చూడాల్సింది నువ్వు. మళ్లా ఎదకు వచ్చింది, సూది వేసినారు, నిలిచింది. చూడి కట్టిందని ఆ డాక్టరే చెయ్యి పెట్టి చూసి చెప్పినాడు. అక్క వీధంతా చక్కెర పంచింది.

ఆ చక్కెరే చేటు తెచ్చింది. సావడిలో ఎవుడో ఒకడు అన్నాడంట, ఏమప్పా విజయరాఘవా, మీ ఇంటి ఆవుకు నాయుడు తోటలో ప్రసవమా, మీ ఇంట్లో చోటు లేదా అని. సుమ్మా వేళాకోళానికి అన్నాడు. మీ తాత నేరుగా పోయి చిన్న లారీలో ఎక్కించుకొని వచ్చి, అదే స్తంభానికి, దొర ముందర కట్టినాడు. అక్క పోయి అన్న కాళ్లు పట్టుకొనింది. కడుపుతో ఉండాది అన్నా, ఈనేదాకైనా అక్కడే విడువు అని. నేను పోయి కుక్క గొలుసు ఊడదీసి వాకిట్లో కట్టినాను. ఆయన తీసుకొని పోయి మళ్లా అక్కడే కట్టినాడు. నేను మళ్లా ఊడదీసినాను. ఇంటికి పెద్దవాడిని నేను, నా మాట వినని వాడికి ఇక్కడ ఇల్లు లేదు అన్నాడు. ఆ దినమే నేను ఈ తెన్‌కాశి రోడ్డుకు వచ్చేసినాను, ఆ ఇంట్లో మళ్లా అన్నానికి చెయ్యి తడపలేదు. మీ నాన్న పెళ్లిలో కూడా మండపంలోనే తిన్నాను.

దూడ నెలలు నిండకుండానే పడిపోయింది. పొద్దున సంగు ఊదింది, దొర దూకింది, ఆవు తాడు తెంపుకొనేదానికి పోరాడి గోడకు కొట్టుకొని పడింది. దూడ పోయింది, ఆవుకు జ్వరం. అక్క వేపాకు నూరి పూస్తా పక్కనే పడుండింది. ఆవు తేరుకొని లేచింది కూడా. ఒక దినం అక్క మందుకు బజారు పోయి వచ్చేలోపల మీ తాత దాన్ని కేరళ కబేళా లారీకి ఎక్కించేసినాడు. గొడ్డుపోయిన దానికి మేత దండగ అన్నాడంట. స్తంభం దగ్గర తాడు మాత్రం ఉండింది. అక్క తాళ్వారంలో తన పొయ్యిలో బూడిద తీసి బయట పోసింది. ఆ పూట నుంచి అన్న వంటింట్లో, అన్న పెట్టిన అన్నం తినింది.

తినింది అంటే ఏం తినింది. అన్న చెప్పుల చప్పుడు వినపడితే చెయ్యి ఆగిపోయేదంట. మీ తాత ఊంజల్ మీద కూర్చొనుంటే ఆ గది దాటేది కాదంట. వదిన, మీ అవ్వే, నాతో చెప్పింది ఇదంతా. చిక్కిపోయింది, నిద్ర పట్టేది కాదు, చిన్న జ్వరం వస్తే కూడా తగ్గేది కాదు. ఆస్పత్రిలో అన్నీ చూసి రోగం ఏమీ లేదన్నారు. ఏడాది తిరగకుండానే అక్క పోయింది.

నేను పోయినాను, పోకుండా ఉంటానా. పందిట్లో ఊరంతా కూర్చొనుండాది. మీ తాత తుండుతో కళ్లు తుడుచుకొంటా అందరికీ చెప్తా ఉండాడు. “నా ఇంట్లో దాన్ని ఎవురూ ఒక్క మాట అనలేదు. ఎవురూ దాన్ని ముట్టలేదు” అన్నాడు. నిజమే, ముట్టలేదు.

కొట్టం దిక్కులో దొర అరుస్తా ఉండింది.

...

ఆ కాఫీ ఆరిపోయింది, వద్దు, పారబొయ్యి. అశ్విన్‌కు ఫోన్ చేయవద్దు, ఫోన్‌లో వాడు నవ్వుతాడు. నీ బండి ఉండాదా? నా చెప్పులు అందించు. సత్రపట్టికి పోదాం, గొలుసు నేనే ఊడదీస్తాను.