మూడో ఇంజెక్షన్

ఒంట్లో మగ హార్మోను తక్కువైందని డాక్టరు రాసిన టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లలో మూడోది ఆ రోజు అతను వేయించుకోవాలి. భార్య అతని వీపు మీద కొత్తగా లేచిన మొటిమలకు మందు రాస్తోంది.

"మంటగా ఉందా?"

"లేదు. నిన్న మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాను, తెలుసా? ఎన్నేళ్ళయిందో అలా ఎక్కి."

"మీ వెల్డింగ్ షెడ్డులో అందరి మీదా అరిచారట, అదీ తెలుసు."

"కొత్తలో అంతేనట, సర్దుకుంటుందిలే. ఇంక పిల్లల సంగతి కూడా..."

"మందు పెట్టెలో కాగితం చదివాను."

"ఏముంది అందులో?"

"పిల్లలు కావాలనుకునేవాళ్ళు వాడకూడదట. ఉన్న కాసిని వీర్యకణాలూ పోతాయట. మందుల షాపాయన్నడిగితే నిజమేనన్నాడు."

"ఆపేస్తే?"

"తిరిగొస్తాయో లేదో చెప్పలేమన్నాడు. మనకి ముందే అంతంతమాత్రం. అసలు డాక్టరుగారు మిమ్మల్నేం అడగలేదా?"

"అడిగారు. పిల్లలున్నారా, ఇంకా కావాలా అని."

"మరి?"

"తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద మా షెడ్డు కొత్త మేస్త్రీ కూర్చుని వింటున్నాడు. ఎలాగూ ఇంజెక్షన్‌తో అన్నీ బాగవుతాయి కదా అనుకుని, ఇద్దరున్నారు, ఇంక చాలన్నాను."

ఆమె చెయ్యి వీపు మీదే ఆగిపోయింది.

"ఇద్దరా?"

"ఒక పాప, ఒక బాబు."

"నయం, పేర్లడగలేదు."

"అడిగితే చెప్పేవాణ్ణే. పెళ్ళయిన కొత్తలో నువ్వు అనుకున్నవి ఉన్నాయిగా."