లేదని చెప్పిన కంప్యూటరు

పెన్ను కింద పెట్టు పిన్నీ. వకీలు వీరరాఘవులు గారు లోపల ఫోన్లో ఉండారు, ఆయన వచ్చేలోగా చెప్పేస్తా.

కోప్పడబాక. ఆఫీసు మధ్యలో ఎగ్గొట్టి, టి. నగర్ నించి బస్సులో నిలబడి వచ్చినా.

రాజీకి ఎట్ల ఒప్పుకున్నావు నువ్వు? చింతాద్రిపేట ఇల్లు మీ అత్త కన్నియమ్మ నీ పేరిట రాసిందని వీధంతా చెప్తా ఉంటివే? ఆమా, నిజమే, నీ కాగితం వాననీళ్ళలో నానిపోయింది. దాన్ని రాయించింది ఈ వకీలు గారి నాయన గదా, నకలు ఈడ ఉంటుందని వస్తివి. ఈయన కంప్యూటర్లో వెతికితే లేదనింది. “మెషిను అబద్ధం చెప్పదమ్మా, మీ బావగారికి ఇల్లు వదిలెయ్” అన్నారు.

ఆ మెషినుకు వెతకడం నేర్పించింది ఎవరనుకున్నావు? నేనే. “మా అక్క కూతురు కాలేజీ మొహం చూడకుండానే కంప్యూటర్ నేర్చింది” అని మురిసిపోతావే, ఆ మహాతల్లినే.

ఈయన పాత పత్రాలన్నీ మా కంపెనీనే టైపు కొట్టించి దాంట్లో ఎక్కించింది. ఇంగ్లీషువి, తమిళానివి, తెలుగువి. వెతికే ప్రోగ్రాం మటుకు ఇంగ్లీషుకు, తమిళానికి రాసినా. సింగపూరు వాళ్ళు అడిగినారని మలయ్‌కు, చైనా భాషకు కూడా రాసినా. తెలుగు? “ఎవరడిగినారు, తర్వాత చూద్దాం” అన్నాడు మేనేజరు. ఇంట్లో తెలుగు మాట్లాడే నేను, సరే సార్ అన్నా.

తెలుగు పత్రం అడిగితే, ఈ భాష నాకు రాదు అని అది ఒప్పుకోవాల గదా? ఒప్పుకోదు. లేదు అంటది, దర్జాగా. అట్ల రాసింది నేనే. డిగ్రీలోళ్ళ నడుమ కూర్చుని, ఏది అడిగినా తెలీదని నేను ఒక్కసారన్నా అనినానా? అంటే ఆడ ఉండనిస్తారా? నా బుద్ధే దానికీ పట్టింది.

నిన్న నీ మాట విన్నాక అర్థమయింది, నువ్వు అడిగింది తెలుగు పత్రమని. పొద్దున్నే ఆఫీసుకు పోయి తెలుగు ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి కళ్ళతో చదివినా. ఉండాది పిన్నీ. మీ అత్త పేరు, నీ పేరు, వెనకాల బావితో సహా. ఇదిగో ప్రింటు. రిజిస్టరు నంబరుంది, రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర వేసిన నకలు తీసుకోవచ్చు.

ఏడవబాక. ఆయనకు నేనే చెప్తా. ఉద్యోగం పోతే పోనీ, కోడంబాక్కంలో టైపు కొట్టుకుంటా.

నాకు గుబులు అది కాదు. ఈయన దీన్ని పోయిన ఏడాది నించీ వాడతా ఉండారు. నీకు ముందు ఈ కుర్చీలో ఎంతమంది తెలుగోళ్ళు కూర్చుని, లేదంటే నమ్మి, సంతకం పెట్టి లేచిపోయినారో?

నాకు తెలీదు పిన్నీ.

చూడు, ఇన్నాళ్ళకు వచ్చింది నా నోట్లోంచి ఆ మాట.