కొత్తకి ఆగిన చిక్కుడు పాదు

ఏటర్రా, ఇద్దరూ ముఖాలు అలా వేలాడేసుకున్నారు? చిక్కుడు పాదు చచ్చిపోయిందనా? మీ అమ్మ బస్సు దిగుతూనే చెప్పిందిలే, నిర్మల నోట్లో ఏదీ ఆగదు. ఇలా రండి. సోఫియా, నువ్వు ఈ చాప మీద కూర్చో. ఒరే ఆల్విన్, ఆ కాఫీ గింజలు తొక్కకు, పొద్దున్నే ఎండబెట్టాను. ఊఁ, ఇప్పుడు చెప్పండి, పాదుని దేనికి పాకించారు? బాల్కనీ ఇనప గ్రిల్లుకా! వైజాగు ఎండలో! ఓలమ్మో... మీ మీద కాదర్రా నా నవ్వు. మా అమ్మ గుర్తొచ్చింది. మీ తాతమ్మ కనక. అచ్చం మీలాగే చేసిందావిడ. ఆవిడ కథ మీకెవరూ చెప్పలేదు కదూ? మీ నాన్న రవిబాబుకి చెప్పాను, వాడికేం గుర్తుంటుంది, వాడు వింటూనే నిద్రపోయేవాడు. మీరు పడుకోకండి.

మా అమ్మ ఈ అరకు కొండల్లోనే పుట్టింది, ఇక్కడే పెరిగింది. డొంకరాయిలో డ్యాము కడుతున్న రోజుల్లో మా అయ్యకి అక్కడ వాచ్‌మన్ పని దొరికింది. అప్పుడు నన్నూ మా అన్న భీముడినీ వెంటేసుకుని ఆ క్యాంపులో కాపురం పెట్టింది. భీముడంటే ఎవరనుకున్నారు, నిన్న మీకు పనసతొనలు తెచ్చిన తాతే. అక్కడికీ ఇక్కడికీ పోలికే లేదర్రా. ఇక్కడ మంచు, అక్కడ ఉక్క. ఉతికిన బట్ట ఆరదు, ఒంటి మీద బట్ట తడిసిపోతుంది. పైగా మా అమ్మకి పిల్లలంటే బెంగ ఎక్కువ. మరీ ఎక్కువ. మేం దగ్గితే చాలు నుదురు పట్టుకు చూసేది. కింద ఊళ్ళ నుంచి లారీలో కూరగాయలొచ్చేవి. ఒక్కో వంకాయా తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. "మందు కంపు కొడతంది, ఇది నా పిల్లలకెట్టా పెట్టేది?" అని వెనక్కిచ్చేసేది. కొట్టువాడు విసుక్కునేవాడు. "ఓ కొండమ్మా, కొంటావా, వాసన చూసి పోతావా?" అని. ఆవిడకి సిగ్గేస్తే కదా! మర్నాడు మళ్ళీ వెళ్ళేది, మళ్ళీ వాసన చూసేది.

అందుకని క్వార్టరు వెనక మడి మొదలెట్టింది. పుట్టింటి నుంచి చిక్కుడు విత్తనం తెచ్చుకుంది. ఎండిన ఆనపబుర్రలో బూడిద కలిపి పోసి, పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసేది. ఆ చెమ్మలో మరోచోట పెడితే బూజు పట్టిపోతుంది. ఆ చిక్కుడు మీరు చూసిందే, కాయ అంచున ఊదారంగు గీత ఉంటుంది చూడండి, అదే. మొదటేడు ఏం చేసింది? మన ఊళ్ళో ఎలా వేస్తాం, తొలివానకి గింజ పాతి, తీగ లేవగానే గడ్డి ఇంటి కప్పు మీదకి వదిలేస్తాం. అక్కడా అలాగే చేసింది. అక్కడ కప్పు రేకులు కదర్రా! తీగ రేకు మీదకి ఎక్కడం, మధ్యాహ్నానికి చివుళ్ళు నల్లగా మాడిపోవడం. మళ్ళీ కొత్త చివురు, మళ్ళీ మాడటం. మా అమ్మ ఆ మాడిన చివురు పట్టుకుని, "ఏటి సేత్తన్నావే, అంత తొందరేటే నీకు?" అని తీగని తిట్టింది. తీగకేం తెలుసు. ఆ తరవాత ముసురు పట్టి వేళ్ళు కుళ్ళిపోయాయి. నయం, విత్తనంలో సగమే వేసింది. మిగతా సగం బుర్రలోనే ఉంచింది, ఆవిడ భయం ఆవిడది.

రెండో ఏడు చూడాలి ఆవిడ పని! డ్యాము పని దగ్గర పారేసిన ఇటుక ముక్కలు తట్టతో మోసుకొచ్చి అడుగున పరిచింది. వాటి మీద మట్టి, మేకపెంట, ఎండాకు కలిపి మోకాలెత్తు దిబ్బ చేసింది. ఎంత వాన పడ్డా నీళ్ళు జారిపోవాలని. తూర్పు గోడ పక్కన వేసింది. పొద్దుటెండ తగులుతుంది, మధ్యాహ్నానికి గోడ నీడ వచ్చేస్తుంది. పెరటి వైపు నుంచి కప్పు మీదికి, రేకుకి తగలకుండా చేయి దూరేంత ఎత్తులో, వెదురు పందిరి కట్టించింది మా అయ్య చేత. ఆయన పైన నిలబడి, "రాజుగారి కోటా ఇది, చిక్కుడికా?" అని ఒకటే సణుగుడు. బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు అన్నీ పాదుకే. పేను పడితే పొద్దుటి చెమ్మ ఆరకముందే బూడిద చల్లేది, ఆకుకి అంటుకుంటుందని. కింద మొదలు చుట్టూ బచ్చలి వేసింది, మట్టి వేడెక్కదని. ఇంకేముంది, తీగ పందిరంతా కమ్మేసింది. ఇల్లు చల్లబడింది. పక్క క్వార్టరు లూర్దమ్మ మధ్యాహ్నం కాగానే బియ్యం చేటతో సహా మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఎవరా లూర్దమ్మా? అదేంటే సోఫియా, మీ తాతయ్య యేసుపాదం వాళ్ళమ్మ! మిషన్ గుడి వాళ్ళు. ఆ పందిరి కిందే కదా మీ తాతా నేనూ గవ్వలాడుకుంది. అది వేరే సంగతిలే. ఏటి చెబుతున్నాను? ఆఁ, కాయ.

కాసింది. గుత్తులు గుత్తులు. చూస్తుంటే నోరూరిపోతోంది. కానీ కొయ్యడానికి లేదు. ఎందుకా? కొత్త కాలేదు కదా. మీరు పట్నంలో పెరిగారు, మీకెలా తెలుస్తుంది. మన ఊళ్ళో ఏ పంట వచ్చినా ముందు ఊరి దేవతకి పెట్టాలి. ఆ రోజుని కొత్త అంటాం. చిక్కుడుకి చిక్కుడు కొత్త, మామిడికి మామిడి కొత్త. పూజారి పెట్టాక ఊరంతా ఒకేసారి తింటారు. అంతవరకూ ఎవరి పెరట్లో కాసినా ఎవరూ ముట్టరు. మేం ఊరికి దూరంగా ఉన్నాం కదా, కొత్త అయ్యిందని సంతల్లో ఒకరికొకరు చెప్పుకుంటూ, చింతపల్లి మీదుగా ఏ లారీవాడి నోటో మాకు కబురొచ్చేది. ఆ ఏడు కబురు రాలేదు. కొత్త చేసే రోజులు దాటిపోయాయి. రాలేదు. మా అమ్మ ప్రతి లారీకీ ఎదురెళ్ళేది. "మా ఊరోళ్ళు ఏటైనా సెప్పమన్నారా బాబూ?" ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే నాకు చలిజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోరు చేదెక్కిపోయింది. గంజి పోస్తే ఉమ్మేశాను, అన్నం పెడితే తల తిప్పేశాను. కళ్ళు మాత్రం కిటికీలోంచి పందిరి మీదే. "చిక్కుడు కూర పెట్టవే అమ్మా" అంటూ ఒకటే పాట. మందులిచ్చే కంపౌండరు నా చేయెత్తి వదిలి చూసి, "ఈ గుంట తినకపోతే కష్టమమ్మా, ఏదడిగితే అది పెట్టు" అనేసి పోయాడు. మా అమ్మ తట్ట తీసుకుని పందిరి కిందకి వెళ్ళింది. ఒక గుత్తి పట్టుకుంది. అలా పట్టుకుని నిలబడింది. ఎంతసేపో! వదిలేసి ఖాళీ తట్టతో లోపలికొచ్చింది. నేను ఏడుపు. లూర్దమ్మ చూస్తోంది కదా, ఆవిడ ఊరుకునే మనిషా! "కనకా, ఇలా ఇయ్యి తట్ట. నేను కోసి మా ఇంట్లో వండి గుంటకి పెడతాను. పాపం తగిలితే నాకే తగలనీ, ఆదివారం గుడికెళ్ళి కడిగేసుకుంటాను" అంది. మా అమ్మకి ఏడుపులోనూ నవ్వొచ్చింది. "నీ దేవుడికి నా చిక్కుళ్ళ లెక్కెందుకొదినా" అంది. తరవాత మెల్లిగా చెప్పింది. "దేవతకి భయపడి కాదొదినా. ముందు కాసినోళ్ళు ముందు తినేత్తే, ఇంకా కాయనోళ్ళ పిల్లలు గుమ్మం కాడ నిలబడి సూడాల. ఆలు సూత్తంటే మన పిల్లలికి ముద్ద ఎలా దిగుద్ది? ఊళ్ళో ఏటయ్యిందో నాకు తెలీదు. తెలీకుండా తినలేను."

మా అయ్యకి కోపం వచ్చింది. "ఊరు అక్కడెక్కడో ఉంది, పిల్ల ఇక్కడ ఎండిపోతంది!" అని అరిచాడు. ఆవిడ బయటికెళ్ళి లేత చిక్కుడాకు కోసుకొచ్చింది. ఆకుకి కొత్త లేదు, కాయకే. ఎండుమిరపకాయా చింతపండూ వేసి నూరి, వేలితో నా నాలిక మీద రాసింది. చిక్కుడు వాసన వచ్చింది. చప్పరించాను. మళ్ళీ నోరు తెరిచాను. గంజిలో కలిపి పోసింది, తాగాను. అప్పుడావిడ ముఖం చూడాలర్రా... ఆ ఆకు పచ్చడే నన్ను నిలబెట్టింది. ఇక మా అన్న భీముడు, తిండిపోతు, వాడు ఊరుకుంటాడా. దొంగతనంగా ఒక కాయ పచ్చిది నమిలి, ఇక దేవత పట్టుకుంటుందని భయంతో రోజంతా కడుపు పట్టుకుని కూర్చున్నాడు. "ఏటయ్యిందిరా?" అంటే, "ఏటీ తినలేదే!" అంటాడు. ఎవరైనా అడిగారా వాణ్ణి తిన్నావా అని! నిన్న అడగండి, ఇప్పటికీ ఒప్పుకోడు. నిన్న కాదు, ఇవాళ సాయంత్రం వస్తాడు కదా, అప్పుడు.

కాయలు ముదిరాయి. ఎండాయి. గాలి వేస్తే పందిరంతా గలగలమనేది. క్యాంపులో ఆడాళ్ళు నవ్వుకునేవారు, "కనకమ్మ చిక్కుళ్ళు వండుకోదు, మోగించుకుంటుంది" అని. అలా ఉండగా ఒక రోజు మా మేనమామ లారీ దిగాడు, సన్నిబాబు మావ, అమ్మ తమ్ముడు. చేతిలో ఏమీ లేదు, ముఖంలో నెత్తురు లేదు. మా అమ్మ నీళ్ళిస్తూనే, "కొత్త ఎప్పుడయ్యిందిరా?" అని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. "అవలేదప్పా. తుపానుకీ మంచుకీ పువ్వంతా రాలిపోనాది. ఊరు మొత్తం మీద ఒక్క కాయ లేదు. దాచిన విత్తనం మళ్ళీ వేసినాం, అదీ కుళ్ళిపోనాది. దేవతకి పెట్టడానికి లేదు, వచ్చే ఏడు వెయ్యడానికీ లేదు. మరి కబురేటి పంపుతాం?" అన్నాడు. గొంతు తగ్గించి, "నువ్వు ఏసినావని ఇన్నాను. తినేసుంటార్లే. పిల్లలున్నారు కదా. ఏటైనా గింజ రాలిందేమో అడుగుదామని..." అన్నాడు.

మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. గాలి వేసింది. గలగలా... ఆయన తలెత్తి చూశాడు. అంతే, కింద కూర్చుని రాలిన గింజలు ఏరడం మొదలెట్టాడు. ఊరు మాకోసం కబురు పంపుతుందని మేం ఆగితే, కాయ లేక ఊరు ఆగిపోయింది. మేం తినేసి ఉంటే? మా అయ్య మర్నాడు తానే పందిరెక్కి కాయలు కోశాడు. ఆ మూట నెత్తిన పెట్టుకుని అందరం ఊరికి వచ్చాం, ఈ ఊరికే. పూజారి గింజలు చేతిలో పోసుకుని సందేహించాడు. "కొత్తకి పచ్చికాయ పెట్టాల గదమ్మా, ఇవి ఎండిపోనాయి." మా అమ్మ, "ఎండినా కొత్తయే బాబూ. నా పిల్లల నోరు కూడా తగల్లేదు" అంది. అప్పుడు చూడాలి మా అన్న ముఖం! పూజారి నాకేసి చూశాడు. జ్వరం తిన్న ఒళ్ళు కదా, కర్రపుల్లలా ఉన్నాను. చూసి, దేవత ముందు పెట్టేశాడు. నానబెట్టి, ఉప్పేసి ఉడికించి, ఊరందరికీ ఆకుల్లో పంచారు. తలా కాసిన్నే వచ్చాయి. మా అమ్మ తన ఆకులోవి నా ఆకులో వేసింది. ఆ రుచి... ఏం చెప్పమంటారు. మిగిలిన గింజలన్నీ ఇటుకల పండగనాడు, అదే మన విత్తనాల పండగ, విత్తనానికి పంచారు. ఇప్పుడీ ఊళ్ళో ఏ పెరట్లో పాకినా, అది ఆ పందిరి చిక్కుడే. ఆ ఉక్కలో కాసి వచ్చిన విత్తనం. అందుకే చెబుతున్నాను, మీ వైజాగులోనూ కాస్తుంది.

ఇదిగో, పట్టు ఈ విత్తనాల బుర్ర. మెల్లిగా, పడెయ్యకు. బకెట్టు అడుగున ఇటుక ముక్కలు వెయ్యండి. గ్రిల్లుకి తగలకుండా వెదురుపుల్లలు కట్టండి. సగమే వెయ్యండి, సగం దాచండి. కాశాక ముందు నాకు ఫోన్ చెయ్యండి, కొత్త అయ్యిందో లేదో చెబుతాను. ఊఁ? తాతమ్మ ఎప్పుడు పోయిందా? అదా... కొత్తకి ముందే పోయింది. పెరట్లో పాదు నిండా కాయలు. చివరి రోజుల్లో ఏదీ సయించలేదు. నేను ఆకు నూరి, వేలితో నాలిక మీద రాశాను. చప్పరించింది. కళ్ళు కిటికీకేసే...

సర్లే. మీరు మాత్రం చెప్పండి దీన్ని. మీ పిల్లలకి. ఏం నవ్వుతావురా, పుట్టకపోతారా! పోనీ అంతవరకూ మీ కింద ఫ్లాట్లో గుంట ఉంది కదా, ఆ గుంటకి చెప్పండి. నాలుగు గింజలు చేతిలో పెట్టి చెప్పండి.