కత్తెరమ్మ దాచిన మూడు నిమిషాలు

ఈ సభకి పెద్దగా కూర్చున్న మా దర్శకులవారికి, ఇప్పుడే సన్మానపత్రం చదివి నన్ను నాకే కొత్తగా పరిచయం చేసిన నా సహాయకురాలికి, ముందు వరసలో తీరిగ్గా కూర్చున్న పెద్దలకి, వెనక వరసలో ఎప్పుడు వదులుతారా అని గడియారం చూసుకుంటున్న మిత్రులకి, ముప్పై నాలుగేళ్లుగా నన్ను ఎదురుగా మేడమ్ అనీ, చాటుగా కత్తెరమ్మ అనీ పిలుస్తున్న ఈ స్టూడియో కుటుంబానికి నమస్కారం. (నవ్వులు) నవ్వకండి, నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఒకళ్ల మాటలు కత్తిరించడమే పనిగా బతికినదాని చేతికి మైకు ఇచ్చారు. ఇవాళ నన్ను కత్తిరించేవాళ్లెవరూ లేరు కాబట్టి కాస్త సాగుతుంది, ఓర్చుకోండి.

ఎడిటింగ్ బల్ల మీద నలభై ఒక్క సినిమాలు కూర్చాను. అందులో పంతొమ్మిది కుర్చీ సినిమాలే, పదవుల కథలు. అంటే మీకు తెలిసిందే, మొదటి రీలులో మంచివాడు కాలినడకన వస్తాడు, ఇంటర్వెల్‌కి కారెక్కుతాడు, చివరి రీలుకి ఆ కారుకి అడ్డొచ్చినవాళ్లెవరూ మిగలరు. ఇలాంటివి కూర్చి కూర్చి నేను నేర్చుకున్నదేమిటంటే, మంత్రి లంచం తీసుకోవడం చూపించక్కర్లేదు, తీసుకునే ముందు తలుపు వైపు ఒక్క చూపు చూస్తాడే, అక్కడ ఆపితే చాలు. పదవి కోసం పాకులాడేవాడి అసలు ముఖం వాడు మాట్లాడుతున్నప్పుడు దొరకదు, పక్కవాడికి పదవి వచ్చినప్పుడు చప్పట్లు కొడుతుంటే దొరుకుతుంది. ఈ విద్య నాకు బాగా వచ్చు. అబద్ధపు వినయాలు నాకు చేతకావు, బాగా వచ్చు అంతే.

చప్పట్లంటే గుర్తొచ్చింది. అదుగో, స్విచ్చుల దగ్గర నిలబడి ఏమీ ఎరగనట్టు చూస్తున్నాడే మన లైట్ల మేస్త్రి, ఒకసారి జనం తక్కువయ్యారని ఆయన్ని గుంపులో నిలబెట్టారు. నీలం చొక్కా వేసుకుని ఎంత మనసారా చప్పట్లు కొట్టాడంటే, ఆ ముక్కని నేను ఆరు సినిమాల్లో వాడుకున్నాను. ఆరుగురు ముఖ్యమంత్రులకి ఒకే చొక్కాతో, ఒకే ఉత్సాహంతో చప్పట్లు కొట్టిన ఘనత ఆయనది. (నవ్వులు. వెనక నుంచి మేస్త్రి: "ఆరుగురిలో ఒక్కడూ పలకరించలేదు మేడమ్!") పలకరించరు మేస్త్రీ, గెలిచాక ఎవరు పలకరిస్తారు?

సరే. సన్మానపత్రంలో ఒక మాట విన్నారు కదా. ఇరవై ఆరేళ్ల కిందట మా దర్శకులవారు తీసిన సినిమా, ఒక మంత్రి కుర్చీ కోసం తన ఊరినే తాకట్టు పెట్టే కథ, దానికి నాది "నిర్భయమైన కూర్పు" అని. ఆ రోజుల్లో పత్రికలూ అదే రాశాయి. ఈ జ్ఞాపిక మీద కూడా అదే చెక్కించారు.

ఆ మాట అబద్ధం.

మంచినీళ్లు తాగి చెప్తాను, ఉండండి.

ఆ సినిమాలో మూడు నిమిషాల పది సెకన్ల సీను ఒకటుండేది. ఆఫీసులో ఒక గుమాస్తా అమ్మాయి. మంత్రిగారి మనిషి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి సంతకం చెయ్యమంటాడు. ఆ అమ్మాయి ఫైలంతా చదువుతుంది, తొందర లేకుండా. చదివి, పెన్నుకి మూత పెడుతుంది. "ఈ సంతకం మా నాన్న పలక మీద దిద్దించింది సార్. మీకివ్వను" అంటుంది. అంతే. అరుపుల్లేవు, కన్నీళ్లు లేవు. పంతొమ్మిది కుర్చీ సినిమాల్లో అంత నిజమైన సీను నా చేతుల మీదుగా ఇంకోటి పోలేదు.

సరిగ్గా అప్పుడే బయట ఒక నిజం మంత్రి మీద విచారణ నడుస్తోంది, అక్కడా ఒక గుమాస్తా సంతకం పెట్టనందట. అప్పట్లో ఈ స్టూడియో నడిపిన నిర్మాతగారు నా గదిలోకొచ్చి, "ఆ సీను చూస్తే వాళ్లు ఏమనుకుంటారో ఏమో" అని, టీ తాగి వెళ్లిపోయారు. తీసెయ్యమని ఆయన అనలేదు. మంత్రీ అడగలేదు, మంత్రి మనిషీ రాలేదు. కానీ కూర్పు విభాగానికి పెద్ద ఎవరవుతారా అని అప్పుడు నేనూ ఇంకో ఎడిటరూ పోటీలో ఉన్నాం. ఆయన ఖాళీ చేసిన కప్పు అక్కడుండగానే నేను కత్తెర తీసుకున్నాను. తియ్యబోయే ముందు తలుపు వైపు చూశాను. పై వారం విభాగం పెద్ద కూర్చునే గది తాళంచెవి నాకిచ్చారు. "నువ్వు అర్థం చేసుకునే మనిషివమ్మా" అన్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. సినిమా మొదటిసారి మనవాళ్లకి వేసి చూపించిన రోజున, ఆ సీను ఏదని దర్శకులవారు ఇదే హాల్లో, యూనిట్ అంతా ఉండగా అడిగారు. నేను లేచి, "ఆ అమ్మాయి నటన నిలబడలేదు సార్, అందుకే తీసేశాను" అన్నాను. ఆ అమ్మాయికి అది మొదటి వేషం. నాలుగో వరసలో, వాళ్ల అమ్మని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి, "సరే అక్కా" అంది. మళ్లీ కెమెరా ముందుకి రాలేదు. నెల తిరక్కుండా మన దుస్తుల విభాగంలో కుట్టుమిషను ముందు కూర్చుంది.

అవునమ్మా, నీ గురించే. తల దించుకోకు, దించుకోవాల్సింది నేను.

ఇరవై ఆరేళ్లు మేమిద్దరం ఒకే వరండాలో పని చేశాం. నా కుడిచెయ్యి విరిగితే రెండు నెలలు రోజూ పొద్దున్నే వచ్చి నాకు జడ వేసింది ఈ మనిషి. నా కుర్చీకి గలేబులు కుట్టింది, ఆ కుర్చీ నాకెలా వచ్చిందో తెలియక. చెప్పెయ్యాలని ఎన్నిసార్లు తన గది గుమ్మం దాకా వెళ్లానో, వెళ్లి బొత్తాం ఊడిందని చెప్పి వచ్చానో లెక్కలేదు. చివరికి నాకు అర్థమైందేమిటంటే, నటన రాదని నలుగురిలో అన్నదాన్ని, చాటుగా క్షమాపణ చెప్తే చెల్లదు. అందుకే ఇవాళ, ఇదే హాల్లో, దర్శకులవారి ఎదురుగా చెప్తున్నాను. నీ నటన నిలబడింది. నేనే నిలబడలేదు. నన్ను క్షమించమ్మా.

దర్శకులవారూ, మీకూ అబద్ధం చెప్పాను. ఈ జ్ఞాపిక మీ బల్ల మీదే ఉంచుతున్నాను, ఆ రెండు పదాలూ చెరిపించాక ఇప్పించండి, సంతోషంగా తీసుకుంటాను. నా పని మిగతా అంతా బాగానే చేశాను, ఆ మాట వెనక్కి తీసుకోను.

కత్తిరించిన ఆ సీను ముక్కని మాత్రం పారెయ్యలేదు. రేకు డబ్బాలో పెట్టి బీరువాలో దాచాను. పోయిన నెల నా సహాయకురాలు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. మూడు నిమిషాల పది సెకన్లు, ఒక్క ఫ్రేము కూడా తగ్గలేదు. ఇప్పుడు వేస్తారు. నాలుగో వరసలో నా సీటు పక్కన ఒకటి ఖాళీగా ఉంచమన్నాను. వచ్చి కూర్చుంటావో లేదో నీ ఇష్టం, రాకపోయినా నేనేమీ అనుకోను. మేస్త్రీ, లైట్లు తీసెయ్యి. చప్పట్లు ఈసారి బొమ్మ చూశాక కొడుదువుగాని.

ఇన్నేళ్లు నన్ను భరించినందుకు, ఇవాళ ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ...

(లైట్లు ఆరాయి. చీకట్లో నాలుగో వరస నుంచి ఒక గొంతు: "అక్కా, ముందు కిందికి దిగు. తెరకి అడ్డంగా ఉన్నావు.")

దిగుతున్నానమ్మా, దిగుతున్నాను. కృతజ్ఞతలు. సెలవు.