ఇరవై వేల ఇత్తనాల్లో ఒక్కటి

వన్నూరప్పకు ఒక జత ఎద్దులుండాయంట. ఆ జతతోనే ఆరెకరాల చేను దున్నుకోవాల, ఆ జతతోనే శనక్కాయ ఇత్తనం ఏసుకోవాల, ఇంక వేరే ఆధారం లేదనుకో. అట్లాంటోడు తిరనాళ్లలో లక్కీ డ్రా టికెట్ ఒకటి కొన్నాడంట. బహుమతి ఏందంటే ట్రాక్టరు! ఎర్రది, కొత్తది, బంతిపూల దండేసి పందిట్లో నిలబెట్టినారంట. దాన్ని చూసినకాన్నుంచి ఆయప్పకు అన్నం దిగదు. ఇంటికొచ్చి పెండ్లాం తిప్పక్కతో ఏమంటాడంటే, ఏమ్మే, ఆదివారం డ్రా తీస్తారు, ట్రాక్టరొస్తే ఈ ఎద్దులెందుకు, మేత దండగ, దళారి మంచి రేటు చెప్పినాడు, రేపొచ్చి తోలుకొని పోతాడు అన్నాడంట. రాకపోతేనో అనింది ఆయమ్మ. వస్తే వస్తాది, రాకుంటే రాదు, ఉండేది రెండే గదా, సగానికి సగం మనదే అన్నాడంట! నవ్వుతాండారు గానీ, మీలో ఎంతమంది అట్ల అనుకోలేదు?

తిప్పక్క ఏడవలేదు, అరవలేదు. ఎన్ని టికెట్లు అమ్మినారు అని అడిగింది. ఇరవై వేలు అన్నాడు. ఆయమ్మ కూలికి కాయలు ఒలిచే మనిషి, ఇత్తనం సంగతి ఆయమ్మ చేతికి తెలుసు. తెల్లారినాక ఏం చేసిందంటే, ఇంట్లో ఉండే ఇత్తనాల మూట ఒకటి ఇప్పి, వెయ్యి గింజలు ఎంచి ఒక డబ్బాలో పోసింది. డబ్బా నిండింది. ఇంక ఆ డబ్బాతోనే కొలిచి పెద్ద గంపలో పోస్తాంది. లాభం... రెండు... మూడు... కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు గదా, లాభం అనాల. పోస్తాంది, పోస్తాంది, పోస్తానే ఉంది. పది డబ్బాలకే వన్నూరప్ప వచ్చి గంప పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇరవై డబ్బాలకు గంప నిండింది. ఇదంతా జనమేనయ్యా, ప్రతి గింజా ఒకరి టికెట్టే అనింది. ఇంతమందా అన్నాడంట వాడు, దేవుణ్ణి చూసినట్ల గంపనే చూస్తా.

అంతలోకి దళారి రానే వచ్చినాడు. తిప్పక్క ఒక గింజకు సున్నం బొట్టు పెట్టి, గంపలో ఏసి బాగా కలిపింది. ఇది నీ టికెట్టు, కండ్లు మూసుకొని తియ్యి, ఒకే పట్టుకు వస్తే ఎద్దుల్ని నేనే ఇప్పి ఇస్తా అని మాటిచ్చింది. వన్నూరప్ప మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గింజ పట్టుకొని పైకి తీసినాడు. ఏమైందంటే, తెల్లగా సున్నం బొట్టు! నిజ్జంగా నాయనా! వాకిట్లో చేరిన ఇరుగుపొరుగోళ్లంతా మెడలు చాచి చూసినారు. నాకిప్పుడు చెప్తాంటేనే ఒళ్లు జలదరిస్తాంది. తిప్పక్క మొగం నల్లగైపోయింది. మాటిచ్చింది గదా, ఎద్దుల పలుపు ఇప్పింది, కండ్లల్లో నీళ్లు తిరుగుతాండాయి. ఒక్క మాటే అనింది. ఈ గంపకూ ఆడ టికెట్లేసి తిప్పే డ్రా డ్రమ్ముకూ ఏం చుట్టరికమయ్యా, దీంట్లోనే రెండోసారి వస్తాదేమో చూడు.

వాడు గింజను మళ్లీ గంపలో ఏసినాడు. కలిపినాడు. తీసినాడు, బొట్టు లేదు. ఏసినాడు, కలిపినాడు, తీసినాడు, లేదు. దళారి రెండు మాట్లు టీ తాగినాడు, మూడు బీడీలు కాల్చినాడు, ఇది తెగేది కాదని లేసిపోయినాడు. పొద్దు గూకింది. చెయ్యి మంట పుడతాంది, రాదే! ఉండేది దాంట్లోనే, అందరూ చూసినారు, కానీ రాదు. అప్పుడు వన్నూరప్ప గంప ముందర చేతులు జోడించి, అమ్మా, ఎంత పెద్దదానివే నువ్వు అన్నాడంట. లేసిపోయి ఎద్దుల్ని మళ్లీ గుంజకు కట్టేసినాడు.

శనివారం వాన పడింది. ఆదివారం డ్రా తీసి మైకులో నెంబరు చదువుతాంటే, వన్నూరప్ప అదే జత కట్టి, ఆ గంపలో ఇత్తనం గూడా పోసుకొని చేన్లో ఇత్తే గొర్రు తోలుతాండాడు. ట్రాక్టరు ఎవరో బళ్లారి పక్క ఆయమ్మకు పోయిందంట. సున్నం బొట్టు గింజ గొర్రులో పడి యాడ దిగిందో ఎవురూ చూడలేదు. వారానికి చేనంతా మొలిచింది. వాడు గట్టు మీద కూర్చోని, ఏమ్మే, దీంట్లో ఏదో ఒకటి నా చేతికొచ్చిందే అంటాడంట. నేనూ పోయి చూసినా. అన్నీ ఒకటే మాదిరి పచ్చగా ఉండాయి. ఆ గంపలో ఒక గింజ నాది గూడా లే నాయనా, టికెట్ నేనూ కొన్నా. మా ఇంట్లో మాత్రం చెప్పొద్దండి.